దించిన విల్లు

పటాల్లో విల్లు ఎప్పుడూ ఎక్కుపెట్టే ఉంటుంది. భద్రాద్రి రాముడి చేతిలో అంతే, మన్యంలో కూడళ్ల దగ్గర నిలబెట్టిన అల్లూరి సీతారామరాజు విగ్రహాల చేతుల్లోనూ అంతే. నారి బిగిసి ఉంటుంది, బాణం ఇప్పుడో ఇంకాసేపట్లోనో దూసుకుపోయేట్టు ఉంటుంది. నేను పెరిగిన ఊళ్లో మాత్రం విల్లు అలా కనబడేది ఏడాదికి కొన్ని పూటలే. మిగతా కాలమంతా నారి దించి, తిన్నని కర్రలా పొయ్యి మీది వాసాల మధ్య పడుకుని ఉండేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు చూసినా అది విల్లని పోల్చుకోలేకపోయేవారు.

మా నాన్నగారు బడిపంతులు. 1980లలో ఆయన ఉద్యోగం చింతూరుకు కొన్ని మైళ్ల దూరాన, శబరి ఒడ్డున ఉన్న ఒక కోయ ఊళ్లో. ఆ ప్రాంతం అప్పుడు ఖమ్మం జిల్లా. 2014 విభజనలో తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. జిల్లాలు మారినా అక్కడి నుంచి కూనవరం దాకా శబరి అలాగే పారి గోదావరిలో కలుస్తోంది. మా ఇంటి వెనక గుడిసెలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఊరంతా తాతా అనే పిలిచేది, నేనూ అంతే. ఆయన నన్ను ‘చిన్న పంతులూ’ అనేవాడు. బడిలో నేర్చుకున్న ఎక్కాల కంటే ఆయన అరుగు మీద కూర్చుని నేర్చుకున్నవే ఈ వయసులోనూ ఎక్కువ గుర్తున్నాయి.

ఆయన విల్లు తడ కట్టెది. కొండవాలుల్లో ఆకురాల్చే అడవుల్లో పెరిగే చెట్టు తడ. ఉత్తరాదిన ధామన్ అంటారు. దాని కట్టె గట్టిది, పైగా వంగి మళ్లీ లేస్తుంది. అందుకే కావడి బద్దకూ, గొడ్డలి కాముకూ, బండి భాగాలకూ దాన్నే వెతుకుతారు. ఊళ్లో వెదురు విళ్లు కూడా ఉండేవి. లోపల బోలు లేని సాధన వెదురును అందుకు ఏరుకునేవారు. తాత మాత్రం తడనే నమ్మేవాడు. వెదురు విల్లు పడుచువాడి చెయ్యి, తడ విల్లు నడివయసు చెయ్యి అనేవాడు.

కట్టె కోసం వెళ్లేది చలికాలంలోనే. వానాకాలంలో చెట్టు నిండా నీరూ తీపీ ఉంటాయనీ, అప్పుడు నరికితే పుచ్చిపోతుందనీ చెప్పేవాడు. వెదురు విషయంలో ఈ మాటను కలప శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. పిండిపదార్థం తక్కువగా ఉండే కాలంలో కొట్టిన బొంగును పుచ్చుపురుగు అంత త్వరగా పట్టదు. తాత ఒక రోజంతా తిరిగి ఎన్నో చెట్లను చూసేవాడు. బెరడు మీది గీతలు ఎటు తిరిగాయో వేలితో తడిమి చూసేవాడు. గీత మెలి తిరిగితే లోపలి నారా మెలి తిరిగినట్టే, దాన్ని వదిలెయ్యాలి. కొమ్మ విరిగిన కణుపు నడుమ పడినా వదిలెయ్యాలి. ఎంచుకున్న చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, ఆ తర్వాతే గొడ్డలి ఎత్తేవాడు. సాయంత్రానికి ఒక్క మొద్దు భుజాన వేసుకుని వచ్చేవాడు. చాలాసార్లు వట్టి చేతులతోనే వచ్చేవాడు. అలా వచ్చినందుకు బాధపడటం నేను చూడలేదు.

మొద్దును చీలికలు వేశాక రెండు కొసలకూ పేడ కలిపిన మట్టి మెత్తేవాడు. కట్టెలోని తడి కొసల నుంచే తొందరగా ఆరిపోతుంది. కొసలు ముందు ఆరితే నెర్రెలు పడతాయి. అలా మెత్తిన చీలికలను నీడలో, గాలి ఆడే చోట నెలల తరబడి ఉంచేవాడు. ఎండలో పెట్టనిచ్చేవాడు కాదు. మేం పిల్లలం రోజూ వెళ్లి ‘ఆరిందా తాతా’ అని అడిగేవాళ్లం. ఆయన చీలికను గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. పచ్చి కట్టె మొద్దుగా పలుకుతుంది, ఆరిన కట్టె ఖంగుమంటుంది. మా చెవులకు ఆ తేడా తెలియడానికి చాలా రోజులు పట్టింది.

చెక్కేటప్పుడు ఆయన దగ్గర ఒక్కటే నియమం ఉండేది: బెరడు వైపు కత్తి తగలకూడదు. విల్లు వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. బయట సాగే నారలు కొస నుంచి కొసదాకా తెగకుండా ఉంటేనే విల్లు నిలుస్తుంది. అక్కడ ఒక్క గాటు పడితే చాలు, ఏదో ఒకనాడు విల్లు సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకే చెక్కడమంతా కడుపు వైపే, అంటే వేటగాడి ముఖం వైపే.

ఆ పని ఎలా సాగేదో చెప్పాలి. పెరట్లో చింతచెట్టు పంగలో సగం చెక్కిన విల్లును ఆనించి, నారికి తాడు కట్టి, ఆ తాడును నా చేతికి ఇచ్చేవాడు. తాను పది అడుగులు వెనక్కి వెళ్లి కళ్లు సగం మూసేవాడు. ‘మెల్లగా లాగు చిన్న పంతులూ... ఆగు’ అనేవాడు. నేను లాగినప్పుడల్లా పై సగం, కింది సగం ఒకేలా వంగుతున్నాయో లేదో చూసేవాడు. ఒకచోట బిర్రుగా ఉందనిపిస్తే వచ్చి బొగ్గుతో గుర్తు పెట్టేవాడు. అక్కడ గాజుపెంకుతో నాలుగైదు సార్లు గీకేవాడు. ఉల్లిపొర లాంటి చెక్కుపొర లేచేది. మళ్లీ ఎన్నోసార్లు లాగించేవాడు. గీకిన సంగతి కట్టెకు వెంటనే తెలియదట, కాసేపు వంగి లేస్తేనే తెలుస్తుందట. బిర్రుగా ఉన్నచోట గీకాలి, మెత్తగా ఉన్నచోటును ముట్టకూడదు. ఎక్కువ గీకితే తిరిగి అతికించడానికి ఏమీ ఉండదు కాబట్టి ఆ పనిలో తొందర అనే మాటకే చోటు లేదు. ఒక విల్లు తీర్చడానికి చాలా సాయంత్రాలు పట్టేవి.

నారి వెదురుబద్దతో చేసేవాడు. పలచగా చీల్చి నున్నగా గీసిన బద్ద అది. కొసల్లో అడ్డతీగ నారతో ముడి వేసేవాడు. బాణాల ములుకులు సంతలో కమ్మరి దగ్గర కొట్టించేవారు. పిట్టలకు వాడే బాణానికి ములికి బదులు చెక్క మొట్ట ఉండేది. పిల్లల చేతికి మొదట ఇచ్చేది అదే.

విల్లు పూర్తయ్యాక దానితో పని అయిపోదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. తాత చెప్పిన నియమాలు ఇప్పటికీ వరసగా చెప్పగలను. వేట ముగిసిన వెంటనే నారి దించాలి. రాత్రంతా ఎక్కుపెట్టి ఉంచిన విల్లు తెల్లారేసరికి వంగిపోయి ఉంటుంది. గోడకు నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. దాటి నడవకూడదు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. బాణానికి పోవలసిన బలమంతా విల్లులోకే తిరిగి కొడుతుంది, ఎంత గట్టి కట్టెకైనా అది దెబ్బే. మంచు కురిసే పొద్దున్న అడవికి తీసుకెళ్తే ముందు కాస్త కాస్తగా వంచుతూ వేడెక్కించాలి. చలికి బిగుసుకున్న కట్టెను ఒక్కసారిగా లాగకూడదు. వానలకు ముందు, వానలు వెలిశాక ఇప్పనూనె రాయాలి. అరచేతిలో కాసిని చుక్కలు వేసుకుని కొస నుంచి కొసకు, వేడి పుట్టేదాకా రుద్దేవాడు. పొయ్యి మీది వాసాల మధ్య ఉంచడం కూడా ఆ సంరక్షణలో భాగమే. పొగకు పుచ్చుపురుగు రాదు, తేమ ఎక్కువగా పట్టదు. పొయ్యికి మరీ దగ్గరైనా ప్రమాదమే. అతిగా ఆరిన కట్టె లాగగానే పుటుక్కుమంటుంది. ఏ వాసం దగ్గర పెట్టాలో ఇంటి ఆడవాళ్లకు తెలిసేది, ఏడాది పొడవునా విల్లుల మంచిచెడ్డలు చూసేదీ వాళ్లే.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులకు చేరిన ఏడు అది. పెద్ద గోదావరి నిండితే శబరి నీళ్లకు దారి ఉండదు, ఎగదన్ని వెనక్కి వస్తాయి. మా ఊరు ఆ రాత్రి గుట్ట ఎక్కింది. కోళ్లు, విత్తనాల మూటలు, మూకుళ్లు, పసిపిల్లలు. చాలామంది భుజాల మీద విల్లులు కూడా ఉన్నాయి. అందరివీ తేవడానికి వీలుపడలేదు. నీళ్లు తీశాక బురదలో కొన్ని దొరికాయి. పడుచువాళ్లు వాటిని ఎండలో పరవబోతే తాత కేకలేసి ఆపాడు. గుట్ట మీద ఒక బండ కింద, ఎండ పడని చోట, రెండు కర్రల మీద వాటిని వరసగా పడుకోబెట్టాడు. బురద తుడిచాడు గానీ నీళ్లు పోసి కడగనివ్వలేదు. రోజూ పక్కలు మార్చాడు. ఇళ్లు లేవు, తిండి సర్కారు పొట్లాలతో గడుస్తోంది, ఆయన విల్లుల పక్కలు మారుస్తున్నాడు. అప్పుడు నాకు వింతగా అనిపించింది, ఇప్పుడు అనిపించదు. రేపు మళ్లీ బతుకు ఉంటుందని నమ్మినవాడే ఆ పని చెయ్యగలడు. వాటిలో మెలి తిరిగినవి కొన్ని ఆవిరి మీద కాచి సరిచేశాడు. ఒకటి నెర్రె పడింది. దాన్ని పొయ్యిలో పెట్టనివ్వలేదు, దుంపలు తవ్వే కర్రగా మార్చి ఇంకో ఇంటికి ఇచ్చాడు.

వేట సంగతి. వేసవి చివర, మేలో, కోయ ఊళ్లలో భూమి పండగ జరుగుతుంది. విత్తనాల పండగ అది. విత్తనాలు వేలుపు ముందు పెట్టి, పూజ చేసి, ఇంటింటికీ పంచుకుంటారు. ఆ రోజుల్లో మగవాళ్లు అడవికి వేటకు పోతారు, ఆడవాళ్లు దారుల మీద పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ల దగ్గర చందాలు తీసుకుంటారు. ఏమీ దొరక్క తిరిగొచ్చిన మగవాడికి ఆడవాళ్ల చేతిలో ఎగతాళి తప్పేది కాదు. ఊరంతా నవ్వే ఆ సాయంత్రాల్లోనే మనుషుల మధ్య పేరుకున్న అలకలు కరిగిపోయేవి.

నన్ను అడవి అంచు దాకా రానిచ్చేవారు. తాత ముందు చిటికెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు ఉందో చూసేవాడు. గాలి మన మీదుగా జంతువు వైపు పోతుంటే ఆ దారి మానేసేవాడు. ఎండుటాకుల మీద మడమ ముందు పెట్టకూడదు, పాదం అంచు మోపి మెల్లగా బరువు దించాలి. ఇరవై అడుగుల దూరం వచ్చేదాకా నారి ముట్టకూడదు. కట్టె విల్లుతో దూరం నుంచి కొడితే జంతువు చావదు, గాయంతో పోతుంది, అది అన్నిటికన్నా పెద్ద తప్పు. గాయపడినదాన్ని చీకటిపడినా వెతకాల్సిందే. నీళ్లు తాగుతున్నదాన్ని కొట్టకూడదు. పిల్లలున్నదాన్ని కొట్టకూడదు. లాగి పట్టుకుని గురి చూస్తూ ఉండకూడదు, లాగగానే వదలాలి, లేకపోతే లాగకూడదు. ఈ ఆఖరి మాటలో విల్లు మీద జాలి, జంతువు మీద జాలి రెండూ ఉన్నాయని పెద్దయ్యాక అర్థమైంది. బిగిసిన కట్టెను ఎక్కువసేపు పట్టుకుంటే అది అలిసిపోతుంది, వేటగాడి చెయ్యి వణుకుతుంది, బాణం తప్పుతుంది.

కుందేలో అడవికోడో దొరికేది, అరుదుగా పంది. కూర పంపకంలో ప్రతి ఇంటికీ వాటా ఉండేది. మొదటి బాణం తగిలించినవాడికి వేరే వాటా. వేటకు రాలేని ముసలివాళ్లకు ముందు. బడిపంతులి ఇంటికి కూడా మోదుగాకు పొట్లం వచ్చేది. మా అమ్మ వండేది కాదు, కాదనేదీ కాదు. తీసుకుని పక్కింటికి పంపేది. తీసుకోవడమే ఆ ఊరికి ముఖ్యం.

చదువు నన్ను ఊళ్ల వెంట తిప్పింది. చివరికి తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి, సూరత్ పక్కన హజీరాకు ఉక్కు కర్మాగారంలో పనికి చేర్చింది. ఇక్కడ గొట్టాలు, ట్యాంకులు, ఓడలు, గ్యాసు, ఎరువుల ఫ్యాక్టరీ. సూరత్ మగ్గాల వీధుల్లో తెలంగాణ నేతకారులు తరాలుగా ఉన్నారు కాబట్టి తెలుగు వినబడుతూనే ఉంటుంది. విల్లు గురించి మాట్లాడుకోవడానికి దొరికినవాడు మాత్రం తెలుగువాడు కాదు, డాంగ్ జిల్లా నుంచి వచ్చిన భిల్లు సహోద్యోగి. వాళ్ల విల్లులకూ వెదురుబద్ద నారే. వాళ్ల అడవుల్లోనూ తడ చెట్టు ఉంది. హోళీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో భిల్లు రాజులకు ప్రభుత్వం ఏటా భరణం ఇస్తుంది. ఆ సంబరానికి తీసుకెళ్లి తన ఊరివాళ్ల విల్లు నా చేతిలో పెట్టాడు. పెట్టే ముందు నారి దించాడు. చెప్పకుండానే ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నామని తెలిసింది.

ఉక్కుతో పనిచేయడం వల్ల తాత మాటలకు ఇంకో వెలుగు దొరికింది. ఉక్కును దాని హద్దు లోపల వంచితే మామూలు వేడిలో ఏళ్ల తరబడి అలాగే ఉంచినా వదిలిన వెంటనే తన ఆకారానికి వస్తుంది. కట్టె అలా కాదు. హద్దు లోపల వంచినా ఎక్కువసేపు ఉంచితే లోపలి పీచులు కొద్దికొద్దిగా జారి ఆ వంపుకు అలవాటు పడతాయి. తేమ ఎక్కువుంటే ఇంకా తొందరగా. అలా వంపు తిరిగిపోయిన విల్లులో బలం తగ్గుతుంది, బాణం నెమ్మదిస్తుంది. ఇప్పుడు పోటీల్లో వాడే కప్పీల కాంపౌండ్ విల్లును నెలల తరబడి బిగించి ఉంచినా ఏమీ కాదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది ఆ జాతి విల్లుతోనే. ఆమె విజయం నాకు ఎంతో గర్వం. దాని సంరక్షణ వేరే విద్య, అంతే.

భూగోళానికి అవతలి వైపు కూడా ఇవే నియమాలు కనబడతాయి. 1911లో కాలిఫోర్నియాలో యాహీ తెగలో మిగిలిన ఒకే ఒక్కడు, ఇషీ, అడవి నుంచి బయటికి వచ్చాడు. అతని దగ్గర విలువిద్య నేర్చుకున్న డాక్టరు సాక్స్‌టన్ పోప్ 1923లో దాన్ని పుస్తకంగా రాశాడు. ఎక్కుపెట్టి ఉంచినా, నిలబెట్టి ఉంచినా విల్లు అలిసి చెమట పడుతుందనీ, పడుకోబెట్టాలనీ, ఎవరూ దాటకూడదనీ ఇషీ చెప్పేవాడట. శబరి ఒడ్డు తాతకు ఇషీ పేరు తెలియదు. ఇద్దరికీ చెప్పింది కట్టే.

వేట ఇప్పుడు చట్టబద్ధం కాదు, ఉండకూడదు కూడా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి బిడ్డలకు ఎన్నో హక్కులు ఇస్తూనే వేటను మాత్రం మినహాయించింది. అడవీ జంతువులూ ఇంత తగ్గిపోయిన రోజుల్లో ఆ గీత గీయడం న్యాయమేనని నా నమ్మకం. ఊరి పెద్దలు కూడా పండగలో విల్లును వేలుపు ముందు పెట్టి మొక్కితే చాలనుకునే రోజు వస్తే మంచిదే.

నా బెంగ వేట గురించి కాదు, చెట్టు గురించి. తాపీ మీద ఉకాయ్ ఆనకట్ట 1972లో పూర్తయింది. దాని జలాశయం కింద గామిత్, వసావా, భిల్లుల ఊళ్లు మునిగాయి. నా సహోద్యోగి తల్లిదండ్రుల తరంలో నిర్వాసితులైనవాళ్లు విల్లులు వెంట తీసుకెళ్లారట, ఇరవై ఏళ్లకు అవి పాతబడ్డాక కొత్తవి చెయ్యడానికి కొండ లేదట. చెట్టు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఉన్నారు గానీ చెట్టు నడిచివెళ్లే దూరంలో లేదు. ఇప్పుడు పోలవరం ముంపు మండలాల్లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం ఉన్నాయి. కాలనీల్లో స్లాబు ఇళ్లు వస్తున్నాయి. వాటిలో వాసాలు ఉండవు, పొయ్యి మీద పొగ ఉండదు. విల్లును గోడకు మేకు కొట్టి తగిలిస్తారు, అందంగానే ఉంటుంది. నాలుగు వానలకు పుచ్చుతుంది. పుచ్చినదాని చోట కొత్తది రాదు.

ఒక విల్లులో ఇన్ని తెలివిడులు ముడిపడి ఉన్నాయి: ఏ వాలులో ఏ చెట్టు పెరుగుతుంది, ఏ నెలలో నరకాలి, ఏ చెట్టును నరక్కుండా వదలాలి, ఎంత ఆరాలి, ఎక్కడ దాచాలి. అడవిని నరికేవాడికి ఇవేవీ అక్కర్లేదు. అడవిలో ఉండేవాడికే ఇవన్నీ కావాలి. జంతువును చంపే పనిముట్టు అనే ఒక్క కారణంతో ఆ తెలివిడినంతా వేటతో పాటు పక్కన పెట్టేస్తే మనం అడవి గురించి ఒక పెద్ద చదువును పోగొట్టుకున్నట్టే.

చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. మన్యంలోని ఆశ్రమ పాఠశాలల్లో ఏటా చలికాలం కొన్ని వారాలు ఊరి పెద్దను గురువుగా పిలిచి, గౌరవంగా జీతమిచ్చి, పిల్లల చేత ఒక్క విల్లు చేయించవచ్చు. దాన్ని గడ్డిబొమ్మ మీదే వెయ్యనీ, ఆడపిల్లలు కూడా వెయ్యనీ. ఆ పిల్లల్లోంచి పతకాలు తెచ్చేవాళ్లు రావచ్చు. రాజస్థాన్ అడవుల్లో వెదురు విల్లుతో పెరిగిన లింబారామ్ 1992 బార్సిలోనా ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. పతకాలు రాకపోయినా ఫరవాలేదు, తడ చెట్టు బెరడు మీది గీతను వేలితో చదవగలిగిన పిల్లలు పదిమంది చాలు. పునరావాస కాలనీల పక్కన తడ, సాధన వెదురు నాటడం కూడా అందులో భాగమే. ఆ మొక్క విల్లుకు పనికొచ్చే చెట్టు కావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి దాన్ని చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చెప్పే మనిషి ఉండాలంటే, ఆ మనిషికి ఇప్పుడే నేర్పడం మొదలుపెట్టాలి.